శరణార్థి పిల్లలు సోషల్ మీడియాలో మొహం చూపించొచ్చా? మీ సలహా కావాలి

శనివారం టీచరు (చెన్నై) | శనివారం, రాత్రి 9:40

నమస్కారమండీ. ఇన్నాళ్ళూ ఇక్కడ అద్దె ఇళ్ళ గురించీ, పిల్లలకి తెలుగు నేర్పే క్లాసుల గురించే అడిగాను. ఇవాళ్టి విషయం వేరు. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నాది బ్యాంకు ఉద్యోగం. శనివారాలు ఒక చిన్న సంస్థ తరఫున శరణార్థి పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు చెబుతాను. ఎక్కువమంది మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలవాళ్ళు, కొందరు శ్రీలంక తమిళులు. వాళ్ళలో ఒకమ్మాయికి పందొమ్మిదేళ్ళు. కోవిడ్ తగ్గాక వచ్చింది. ముందు హైదరాబాద్ బాలాపూర్‌లో చుట్టాల దగ్గర ఉండి, తర్వాత ఇటు వచ్చారు. అందుకే నన్ను చూడగానే "అక్కా, బాగున్నారా" అని తెలుగులో పలకరిస్తుంది.

ఆ పిల్ల తమిళం నేర్చుకున్న తీరు మీకు చెప్పాలి. యూట్యూబ్‌లో వంట వీడియో పెట్టుకుంటుంది. ఆవిడ "వెంగాయం" అనగానే ఆపి, తెర మీద ఉల్లిపాయ చూస్తూ తనూ పైకి అంటుంది. వెనక్కి జరిపి మళ్ళీ వింటుంది. ఫోను అద్దం మూల నుంచి మూలకి పగిలింది, తమ్ముడితో కలిపి వాడుకోవాలి, రోజు డేటా సాయంత్రానికే అయిపోతుంది. అయినా ఇప్పుడు కూరగాయల బండి దగ్గర బేరం చేసే స్థాయికి వచ్చేసింది. వాళ్ళ భాషకి హనీఫీ లిపి ఉంది, 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది. కానీ చదవడం వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి వాట్సాప్ గ్రూపులో అంతా వాయిస్ మెసేజ్‌లే. ఏ ఆస్పత్రిలో హిందీ తెలిసిన నర్సు ఉంది, ముందు భాగం గులాబీ రంగు వేసిన బస్సెక్కితే ఆడవాళ్ళకి టికెట్ అక్కర్లేదు, ఏ మేస్త్రీ కూలి ఎగ్గొడతాడు, అన్నీ అందులోనే తెలుస్తాయి.

ఇప్పుడు సమస్య. ఈ అమ్మాయి మగ్గం వర్క్ చాలా బాగా చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి, తనే కనిపిస్తూ రీల్స్ చేసి ఆర్డర్లు తెచ్చుకోవాలని కోరిక. వాళ్ళమ్మకి ప్రాణభయం. "మిస్, నా మొహం పెట్టొచ్చా?" అని నన్ను అడిగింది. ఏం చెప్పమంటారు?

హైకోర్టు వీధి (చెన్నై) | శనివారం, రాత్రి 10:15

టీచరు గారూ, వద్దని చెప్పండి. కఠినంగా ఉన్నా ఇదే నా మాట.

1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ మన దేశం సంతకం పెట్టలేదు. శరణార్థులకంటూ మనకి ప్రత్యేక చట్టం లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో వాళ్ళు కాగితాలు లేని విదేశీయులే. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. 2015 జనవరి 9 లోపు వచ్చి పేరు నమోదు చేయించుకున్న శ్రీలంక తమిళులకి అందులో శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. రోహింగ్యాలకి అదీ లేదు.

రేపు ఎవడో ఆ రీల్ తీసుకుని "వీళ్ళు ఇక్కడున్నారు చూడండి" అని నాలుగు గ్రూపుల్లో తిప్పితే ఇల్లు ఖాళీ చేయించేది ఇంటి ఓనరే. పోలీసుల దాకా వెళ్ళక్కర్లేదు. నేను ఆ పిల్లకి వ్యతిరేకిని కాదు. ఆమె భద్రత కోసమే చెబుతున్నా.

బెర్లిన్ నుంచి వచ్చేశా (బెంగళూరు) | శనివారం, రాత్రి 11:02

లాయరు గారి మాట కాదనను. కానీ ఒక అమ్మాయిని తీసుకుపోయి చీకట్లో కూర్చోబెట్టడం కూడా పరిష్కారం కాదు. నేను చూసింది చెబుతాను.

సిరియా వాళ్ళు జర్మనీకి పెద్ద ఎత్తున వచ్చిన రోజుల్లో నేను బెర్లిన్‌లో చదువుకుంటున్నాను. పాత టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం షెడ్లలో వాళ్ళకి చోటిచ్చారు. అక్కడికి పాత బట్టలు పంచడానికి వెళ్ళేవాళ్ళం. కుర్రాళ్ళు బట్టల కంటే ముందు అడిగింది వైఫై ఎక్కడుందని. మొదట్లో నాకు వింతగా అనిపించింది. తర్వాత అర్థమైంది, అమ్మ ఇంకా టర్కీలోనో గ్రీసులోనో ఉంది, పడవ దాటిందో లేదో తెలియాలి.

2016 జనవరిలో జర్మనీ ప్రభుత్వం 'ఆంకోమ్మెన్' అనే యాప్ విడుదల చేసింది. అరబ్బీ, పారశీకం సహా పలు భాషల్లో జర్మన్ పాఠాలు, ఉద్యోగ నియమాలు, అన్నీ ఉన్నాయి. మంచిదే. కానీ నాకు పరిచయమైన కుర్రాళ్ళు రోజూ తెరిచేది మాత్రం వాళ్ళకంటే రెండేళ్ళ ముందు వచ్చిన సిరియన్లు నడిపే ఫేస్‌బుక్ గ్రూపులు. ఆఫీసు నుంచి జర్మన్‌లో ఉత్తరం వస్తుంది. దాని ఫోటో తీసి, పేరు చెరిపేసి గ్రూపులో పెడతారు. పది నిమిషాల్లో ఎవరో ఒకరు "భయపడకు, ఇది ఫలానా కాగితం, ఫలానా తేదీలోగా సంతకం పెట్టి పంపించు" అని చెబుతారు. ఆ ఉత్తరం అందుకుని వణికిన మనిషి ఇచ్చే జవాబు, ఆఫీసు రాసిన వివరణ కంటే వెయ్యి రెట్లు పనికొచ్చేది.

అదే జర్మనీ 2017లో ఇంకో పని చేసింది. పాస్‌పోర్టు లేని శరణార్థుల ఫోన్లలోని డేటా తీసి పరిశీలించే అధికారం ఇస్తూ చట్టం తెచ్చింది. ఒక అఫ్గాన్ మహిళ కేసులో, అలా అందరివీ మామూలుగా చూసేయడం చెల్లదని 2023లో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం చెప్పింది. దారి చూపించిన ఫోనునే సాక్ష్యంగా వాడారు. ఈ పిల్లలకి ఇది బాగా తెలుసు, మనకే తెలియదు.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 6:50

మొదటి పోస్టులో పేట పేరు, సంస్థ పేరు ఉన్నాయి. రెండూ తీసేశాను. దయచేసి ఈ చర్చలో ఎవరూ ప్రదేశాలు ఊహించి రాయకండి, ఫోటోలు పెట్టకండి. చర్చ మాత్రం కొనసాగించండి, అవసరమైనదే.

రంగూన్ మనవడు (చెన్నై) | ఆదివారం, ఉదయం 8:20

టీచరు గారూ, ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా తాతగారిది శ్రీకాకుళం జిల్లా, బర్మాలో, అంటే ఇప్పటి మయన్మార్‌లో, రంగూన్‌లో బియ్యం మిల్లులో పని. 1962లో సైన్యం అధికారంలోకి వచ్చింది, తర్వాత దుకాణాలూ మిల్లులూ జాతీయం చేశారు. లక్షల మంది భారతీయులు వట్టి చేతులతో ఓడెక్కారు. మావాళ్ళు మద్రాసు రేవులో దిగారు. వైజాగ్ కంచరపాలెంలో బర్మా క్యాంపు, ఇక్కడ బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్, అన్నీ అలా పుట్టినవే.

అప్పుడు వాట్సాప్ లేదు, సంఘం ఉండేది. ఆదివారం ఒకరింట్లో కూర్చుని ఎవరికి షాపు పెట్టుకునే బంకు వచ్చింది, ఎవరి పిల్లకి బడిలో సీటు దొరికింది, ఏ గుమాస్తా లంచం అడగడు అని చెప్పుకునేవాళ్ళట. ఆ అమ్మాయి గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు కూడా అవే కబుర్లు. అదే దేశం నుంచి, అదే సైన్యం చేతిలో దెబ్బ తిని వచ్చినవాళ్ళు. తేడా ఏంటంటే మావాళ్ళకి ఇక్కడ దిగగానే ప్రభుత్వం కాగితం చేతిలో పెట్టింది, లోను ఇచ్చింది, బంకు ఇచ్చింది. కాబట్టి తాత తన షాపు మీద తన పేరే రాసుకోగలిగాడు. ఈ పిల్లకి ఆ అదృష్టం లేదు.

పేరు లేకుండా వ్యాపారం చేయొచ్చా అన్నది ఆలోచించండి. మొహం సంగతి తర్వాత.

మైసూరు రోడ్డు (బెంగళూరు) | ఆదివారం, ఉదయం 10:05

మా ఆఫీసులో టిబెటన్ సహోద్యోగి ఉన్నాడు. బైలకుప్పెలో పుట్టాడు. 1961 నుంచి అక్కడ వాళ్ళ స్థావరం ఉంది. వాళ్ళది మరీ ఇంత దయనీయం కాదు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, కాలేజీలున్నాయి. అయినా ఒక సంగతి చెబుతాను.

2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లు నిషేధించింది. మనందరికీ టిక్‌టాక్ గుర్తుంది. వాళ్ళకి పోయింది వీచాట్ అనే చైనా మెసేజింగ్ యాప్. చైనాలో వాట్సాప్ పనిచేయదు, కాబట్టి టిబెట్‌లోని లాసాలో ఉన్న బంధువులతో మాట్లాడటానికి వాళ్ళకున్న ముఖ్యమైన దారి అదే. మా వాడు పిన్నిని కెమెరాలో చూసేది దాన్లోనే. నిఘా ఉందని తెలుసు, అందుకే రాజకీయాలు, దలైలామా మాట ఎత్తకుండా ఆవుల గురించీ మంచు గురించీ మాట్లాడుకునేవాళ్ళు. ఒక్కరోజులో అదీ పోయింది.

కొత్త ఊళ్ళో కుదురుకోవడమంటే కొత్త భాష, కొత్త ఉద్యోగం అనుకుంటాం. వెనక వదిలి వచ్చినవాళ్ళు బతికున్నారని రాత్రి పడుకునే ముందు తెలిస్తేనే పొద్దున లేచి ఉద్యోగానికి వెళ్ళగలరు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తడ దాటితే (గుమ్మిడిపూండి) | ఆదివారం, మధ్యాహ్నం 1:30

నాకు ఇక్కడ మెకానిక్ షెడ్డు ఉంది. మా ఊళ్ళో పెద్ద శ్రీలంక తమిళుల క్యాంపు ఉందని మీలో చాలామందికి తెలుసు. 1983 అల్లర్ల తర్వాత మొదలైన వలస. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి క్యాంపుల పేరు పునరావాస శిబిరాలని మార్చి, 317 కోట్లకు పైగా ఇళ్ళకీ చదువులకీ ప్రకటించింది. నా స్నేహితుడు అక్కడే పుట్టాడు, పెయింటింగ్ పని. సూళ్ళూరుపేట వైపు సైట్లలో చేసి తెలుగు మాట్లాడతాడు గానీ రాయడం రాదు. అతను పక్కన కూర్చుని చెబుతుంటే టైపు చేస్తున్నా. ఇక్కడి నుంచి అతని మాటలు:

"మేము ఇక్కడే పుట్టాం, ఇక్కడే చదివాం, భాష కూడా ఇదే. అయినా ఫేస్‌బుక్‌లో ఊరి పేరు రాయాల్సిన చోట నేను చాలా ఏళ్ళు ఖాళీ వదిలేశా. కాలేజీలో స్నేహితులకి క్యాంపు అని తెలిస్తే మాట మారిపోతుందని భయం. మా చెల్లెళ్ళ తరం అలా లేదు. వాళ్ళు క్యాంపులో పొంగల్ ముగ్గు రీల్స్ పెడతారు, మా అమ్మమ్మల యాసలో మాట్లాడతారు. కెనడాలో, లండన్‌లో ఉన్న చుట్టాలు కామెంట్లు పెడతారు. దానివల్ల వాళ్ళకి ధైర్యం వచ్చింది.

తిరుచ్చిలో ఒకావిడ సంగతి మాకు అలాగే తెలిసింది. 1986లో మండపం క్యాంపులో పుట్టింది. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులని చట్టం. కోర్టుకెళ్ళి పాస్‌పోర్టు తెచ్చుకుని, 2024 ఎన్నికల్లో ఓటేసింది. ఆ వార్త మా ఫోన్లలో ఎన్నిసార్లు తిరిగిందో చెప్పలేను. పుట్టిన తేదీలు వెతుక్కోని ఇల్లు లేదు.

అదే ఫోనులో ఏజెంట్లు కూడా వస్తారు. ఆస్ట్రేలియా పంపిస్తాం, కెనడా పంపిస్తాం అని. మా వయసు పిల్లలు డబ్బులు పోగొట్టుకున్నారు. టీచరమ్మకి చెప్పండి, ఆ అమ్మాయి పేజీ పెడితే మొదట వచ్చే మెసేజ్‌లు ఆర్డర్లవి కావు, వీళ్ళవే. వాటికి ఎలా జవాబివ్వాలో ముందు నేర్పమని."

అతని మాట అయిపోయింది. నేను ఒకటి కలుపుతా. మన విశాఖ కుర్రాళ్ళనే డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన కేసు 2024లో చూశాం. అన్ని కాగితాలూ ఉన్నవాళ్ళకే ఆ గతి పట్టింది.

మెల్‌బోర్న్ మేనత్త (చెన్నై) | ఆదివారం, సాయంత్రం 4:45

చిన్న మాట. మా అన్నయ్య కూతురు ఆస్ట్రేలియాలో హైస్కూల్ టీచరు. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ పదహారేళ్ళలోపు పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ ఖాతాలు నిషేధం. వాట్సాప్ మాత్రం వదిలారు. మామూలు పిల్లల తల్లిదండ్రులు సంతోషించారట. దాని క్లాసులో అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన పిల్లలున్నారు. వాళ్ళకి సొంత భాషలో మాట్లాడే తోటివాళ్ళు ఆ ఖాతాల్లోనే ఉండేవాళ్ళు, బడిలో ఒక్కరూ లేరు. పిల్లల మేలు కోసం తెచ్చిన నిబంధనే అయినా ఇలాంటి పిల్లలకి బదులుగా ఏమిస్తున్నామన్నది కూడా అడగాలి కదా అంటోంది.

హైకోర్టు వీధి (చెన్నై) | ఆదివారం, సాయంత్రం 6:10

మీ అందరి మాటలూ విన్నాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. రోహింగ్యాల విషయంలో ఇంకో చరిత్ర ఉంది, అది మర్చిపోకూడదు. 2017లో మయన్మార్‌లో జరిగిన మారణకాండకి ముందు వాళ్ళ మీద విషం చిమ్మింది ఎక్కువగా ఫేస్‌బుక్‌లోనే. దాన్ని ఆపడానికి తాము చేయాల్సినంత చేయలేదని 2018లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టులో మయన్మార్ సైన్యాధిపతి పేజీని తొలగించారు, కానీ అప్పటికే లక్షల మంది బంగ్లాదేశ్ దాటిపోయారు. 2021 డిసెంబరులో శరణార్థులు అమెరికాలో ఆ కంపెనీ మీద 15,000 కోట్ల డాలర్లకు దావా వేశారు.

వాళ్ళమ్మ భయం పాతకాలపు భయమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమె చూసింది. ఊరు తగలబడటానికి ముందు ఫోనులో ఏం తిరిగిందో ఆమెకి తెలుసు.

బెర్లిన్ నుంచి వచ్చేశా (బెంగళూరు) | ఆదివారం, సాయంత్రం 7:00

లాయరు గారూ, ఈ మాటకి నేనూ తల వంచుతాను. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ చేతికి పోయినప్పుడు బెంగళూరులో నాకు తెలిసిన అఫ్గాన్ విద్యార్థులు రాత్రికి రాత్రి పాత ఫోటోలన్నీ చెరిపేసుకున్నారు. ఇక్కడ వాళ్ళు క్షేమమే, కానీ ఫోటోలో పక్కన నిలబడ్డ అన్నయ్య అక్కడున్నాడు. ఆ వారంలోనే ఫేస్‌బుక్ అఫ్గాన్ ఖాతాల స్నేహితుల జాబితా బయటికి కనిపించకుండా చేసింది.

కాబట్టి ఆ అమ్మాయికి మొహం ఒక్కటే కాదు, ఫోటో వెనక గోడ, కిటికీలోంచి కనిపించే వీధి బోర్డు, లొకేషన్ ట్యాగ్, ఫోన్ కాంటాక్టులతో ఖాతా కలపడం, ఇవన్నీ చూపించి చెప్పాలి. కూర్చుని చెబితే ఒక సాయంత్రం చాలు. పేజీకి వేరే మెయిల్ ఐడీ పెట్టించండి. "మీకు తెలిసినవాళ్ళు" అంటూ కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళకి చూపించే సెట్టింగ్ ఆపేయించండి.

ఆది గారి బొటిక్ (టీ నగర్) | ఆదివారం, రాత్రి 8:35

అమ్మా టీచరు గారూ, నేను చదవడమే తప్ప రాసేదాన్ని కాదు. మాది బ్లౌజుల షాపు. మగ్గం వర్క్ రీల్స్‌కి మొహం అవసరమే లేదు. నా పేజీలో బాగా ఆడిన వీడియోలన్నీ చేతులవే. చెక్క ఫ్రేముకి బిగించిన గుడ్డ, కింద నుంచి దారం పట్టుకున్న ఒక చెయ్యి, పైనుంచి సూది దింపే ఒక చెయ్యి, జర్దోసీ ముక్క ఒక్కొక్కటి ఎక్కించడం. జనం అదే చూస్తారు. ఇంకా దగ్గరగా తియ్యమంటారు. పెట్టిన మొహాలని దాటేసి పోతారు.

డబ్బులు ఎలా తీసుకుంటుంది అన్నదే నా సందేహం. ఆ పిల్లకి ఖాతా లేకపోతే కస్టమర్లు ఎలా పంపుతారు? మీ క్యూఆర్ పెడతారా?

శనివారం టీచరు (చెన్నై) | ఆదివారం, రాత్రి 9:20

మేడమ్, నా క్యూఆర్ అస్సలు పెట్టను. బ్యాంకులో పనిచేస్తూ రోజూ చూస్తున్నాను. ఇంకొకరి వ్యాపారం డబ్బు మన ఖాతాలో తిరిగితే మొదట ఖాతా స్తంభిస్తుంది, తర్వాత మనిషి ఇరుక్కుంటాడు. కాగితాలు లేని పిల్లల దగ్గరికి "నా ఖాతా వాడుకో, వందకి ఇరవై ఇవ్వు" అని వచ్చేవాళ్ళు ఉంటారు. గుమ్మిడిపూండి అన్నగారు ఏజెంట్ల గురించి చెప్పినట్టే ఇది కూడా ఆ పిల్లకి ముందు చెప్పాల్సిన మాట.

ఇవాళ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఇప్పుడే వచ్చాను. మీరు రాసినవి నాకు వచ్చిన హిందీలో చదివి వినిపించాను. రంగూన్ మనవడు గారి తాత కథ దగ్గర వాళ్ళమ్మ ఆపి, మళ్ళీ చెప్పమంది. ఏ ఊరి వాళ్ళు, ఏ ఓడలో వచ్చారు అని అడిగింది. బర్మా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఉంటారని ఆమెకి తెలియదు.

అమ్మాయి మాత్రం నాతో వాదించింది. "చేతులే కనిపిస్తే ఎవరి చేతులో అనుకుంటారు మిస్. నేను చేశానని ఎలా తెలుస్తుంది?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించలేదు కూడా. తన వయసు పిల్లలందరూ అద్దం ముందు నిలబడి రీల్స్ చేస్తున్నప్పుడు, తనొక్కతే ఎందుకు దాక్కోవాలి? అది న్యాయం కాదని ఒప్పుకున్నాను. చివరికి తల్లీకూతుళ్ళు ఒక మాటకి వచ్చారు. పేజీలో చేతులు, పని మాత్రమే. పేరు స్థానంలో వాళ్ళ ఊళ్ళో పూసే ఒక పువ్వు పేరు. మొహంతో తీసుకున్న వీడియోలు ఫోనులోనే దాచుకుంటుంది. పెట్టే రోజు ఎప్పుడన్నది తనే నిర్ణయించుకుంటుంది.

ఏజెంట్ల మెసేజ్‌లకి ఎలా జవాబివ్వాలో మా క్లాసులో అందరికీ చెప్పాలనుకుంటున్నా. బెర్లిన్ గారూ, ఆ సెట్టింగుల విషయం మీరే వీడియో కాల్‌లో చెబుతారా? శ్రీలంక పిల్లలకి తమిళంలో, వీళ్ళకి హిందీలో చెప్పాలి.

బెర్లిన్ నుంచి వచ్చేశా (బెంగళూరు) | ఆదివారం, రాత్రి 9:31

తప్పకుండా. హిందీలో నేను చెబుతా. తమిళంలో గుమ్మిడిపూండి స్నేహితుణ్ణి చెప్పమనండి, ఆయన మాటకి ఉన్న విలువ నా మాటకి ఉండదు.

తడ దాటితే (గుమ్మిడిపూండి) | ఆదివారం, రాత్రి 9:50

అడిగాను, వస్తానన్నాడు. శనివారం పని ఉంటుంది కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత అయితే కుదురుతుంది.

ఆది గారి బొటిక్ (టీ నగర్) | ఆదివారం, రాత్రి 10:12

సరే అయితే. ఆర్డర్లు నా షాపు ద్వారా తీసుకుంటాను, బిల్లు నాది. పని పూర్తయిన రోజే కూలి చేతికిస్తాను, బాకీ పెట్టను. రీల్ కింద ఆ పువ్వు పేరే వేస్తాను, నా పేరు కాదు. ముందుగా ఒక చేతి బోర్డరు నమూనా పంపించమనండి, ఆకుపచ్చ రా సిల్క్ గుడ్డ నేనే ఇస్తాను. మా అసిస్టెంటు శనివారం మీ క్లాసు అయ్యే వేళకి బస్‌స్టాప్ దగ్గర ఉంటాడు. ఏ స్టాపో ఇక్కడ రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.